మువ్వన్నెల జెండా: బరంపురంలో మా కుట్టు కొట్టు దగ్గర తరచుగా అడిగే ప్రశ్నలు

జూలై నెల సగంలో పడిందంటే మా కొట్టులో జాకెట్లు, ఫాల్స్, స్కూల్ యూనిఫాంలు ఓ పక్కకు జరుగుతాయి. కత్తిరింపు బల్ల మీద కాషాయం, తెలుపు, ఆకుపచ్చ తానులు పరుచుకుంటాయి. బళ్ళ నుంచి మాస్టార్లు, అపార్ట్‌మెంట్ల నుంచి సెక్రటరీలు, ఆటో స్టాండు కుర్రాళ్ళు, వీధి క్లబ్బు పిల్లలు వస్తారు. కొందరు తెలుగులో, కొందరు ఒడియాలో, ఎక్కువమంది రెండూ కలిపేసి మాట్లాడతారు. మా నాన్న మగ్గం మీద బరంపురం పట్టు నేసేవారు. నేను కుట్టుమిషన్ పట్టుకున్నాను. జెండాలు కుట్టడం మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. ఏటా అవే ప్రశ్నలు. ఆర్డర్ల టెన్షన్‌లో సగం సగం జవాబులు చెప్పి పంపించేస్తున్నానని మనసులో బాధగా ఉండేది. అందుకే ఈసారి తీరిగ్గా కూర్చుని రాశాను.

అక్కా, జెండా తయారుచేసింది మన తెలుగాయనే కదా?

అవును, పింగళి వెంకయ్య గారు. 1876 ఆగస్టు 2న మచిలీపట్నం దగ్గర భట్లపెనుమర్రులో పుట్టారు. ఆయన్ని ఊరికే జెండా మనిషి అనుకోకండి. బోయర్ యుద్ధానికి దక్షిణాఫ్రికా వెళ్ళారు, గాంధీ గారితో పరిచయం అక్కడే. జపాన్ భాష నేర్చుకుంటే 'జపాన్ వెంకయ్య' అన్నారు. పత్తి వంగడాల మీద పనిచేస్తే 'పత్తి వెంకయ్య' అన్నారు. వజ్రాల గురించి, నేల గురించి చదివితే 'డైమండ్ వెంకయ్య' అన్నారు. చివరికి 'జెండా వెంకయ్య' అనే పేరే నిలిచిపోయింది.

భారతదేశానికి ఒక జెండా ఉండాలని 1916లోనే ఓ చిన్న పుస్తకం వేశారు. అందులో ముప్పై దాకా నమూనాలు గీసి పెట్టారు. 1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగినప్పుడు ఎరుపు, ఆకుపచ్చ రంగులతో ఒక జెండా గాంధీ గారికి చూపించారు. మధ్యలో చరఖా ఉండాలన్న ఆలోచన జలంధర్‌కు చెందిన లాలా హంసరాజ్‌ది. మిగతా మతాల వాళ్ళందరికీ చోటుండేలా తెలుపు కూడా కలపమన్నది గాంధీ గారు. అలా తయారైన జెండాలో తెలుపు పైన, ఆకుపచ్చ మధ్యలో, ఎరుపు కింద ఉండేవి. ఇప్పుడు మనం ఎగరేసేది అచ్చంగా అది కాదు.

1931లో రంగులు మారాయి, వరస మారింది. 1947లో చరఖా పోయి చక్రం వచ్చింది. ఆ చివరి మార్పులో బద్రుద్దీన్ తయ్యబ్జీ, ఆయన భార్య సురయ్యా తయ్యబ్జీ చెయ్యి ఉందని చెప్పే చరిత్రకారులూ ఉన్నారు. కాబట్టి పిల్లలకు చెప్పేటప్పుడు 'ఒక్కరే గీశారు' అని చెప్పకండి. పునాది వేసింది వెంకయ్య గారు, ఇల్లు కట్టింది చాలామంది. అలా చెబితే ఆయన గొప్ప ఇసుమంత కూడా తగ్గదు. 1963 జూలై 4న ఆయన విజయవాడలో పేదరికంలోనే కన్నుమూశారు. ఆ తేదీ తలుచుకున్నప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టు ఉంటుంది.

బెజవాడ సరే, మన బరంపురానికీ జెండాకీ ఏమైనా సంబంధం ఉందా?

ఉంది. 1921 మార్చి చివరి వారంలో గాంధీ గారు మొదటిసారి ఒడిశా వచ్చారు. కటక్, పూరీ చూసుకుని బరంపురం కూడా వచ్చి, ఇక్కడి నుంచి బెజవాడ వెళ్ళారు. అంటే వెంకయ్య గారు జెండా చూపించడానికి రెండు మూడు రోజుల ముందు ఆయన మన ఊళ్ళో ఉన్నారు. అప్పటికి మన ఊరున్న గంజాం జిల్లా ఇంకా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది. ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడింది 1936 ఏప్రిల్ 1న.

ఇంకొకటి. కొరాపుట్ కొండల నుంచి వచ్చిన లక్ష్మణ్ నాయక్ గారి పేరు ఒడియా పిల్లలందరికీ తెలుసు, మన తెలుగు ఇళ్ళల్లో తక్కువగా వినిపిస్తుంది. 1942 ఆగస్టు 21న మథిలి పోలీస్ స్టేషన్ వైపు ఊరేగింపు నడిపించిన ఆదివాసీ నాయకుడాయన. పోలీసులు కాల్పులు జరిపారు. తర్వాత ఒక ఫారెస్ట్ గార్డు హత్య కేసు ఆయన మీద మోపి, 1943 మార్చి 29న మన బరంపురం జైల్లోనే ఉరితీశారు. జెండా కట్టే తాడు కొనడానికి బజారుకు వెళ్ళినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తారు.

నాలుగో రాష్ట్రపతి వి. వి. గిరి గారు పుట్టింది కూడా ఇక్కడే, 1894లో, తెలుగు కుటుంబంలో. జనవరి 26న ఢిల్లీలో జెండా ఎగరేసేది రాష్ట్రపతి. అలా 1970 నుంచి 1974 దాకా బరంపురంలో పుట్టిన మనిషే ఆ తాడు లాగారు.

మూడు రంగుల అర్థం ఏమిటి? కాషాయం హిందువులకు, ఆకుపచ్చ ముస్లింలకు అంటారు కదా?

ఈ మాట ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అంటారు. 1921 నాటి జెండాకు అది నిజమే. అప్పట్లో ఎరుపు హిందువులకు, ఆకుపచ్చ ముస్లింలకు, తెలుపు మిగతావారికి అని అనుకున్నారు. ఆ లెక్క చాలామందికి నచ్చలేదు. మా రంగు ఏది, మాకెంత చోటు అని పేచీలు వచ్చాయి. చివరికి 1931లో కాంగ్రెస్ ఒక కమిటీ వేసింది. దానికి కన్వీనర్ మళ్ళీ మన తెలుగాయనే, భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు. ఆ కమిటీ అయితే జెండా అంతా కాషాయమే ఉండాలంది. అది నెగ్గలేదు. అదే ఏడాది ఆగస్టులో కాషాయం, తెలుపు, ఆకుపచ్చ ఖాయం చేస్తూ, ఈ రంగులకు మతంతో సంబంధం లేదని స్పష్టంగా చెప్పారు. ధైర్యానికీ త్యాగానికీ కాషాయం, శాంతికీ సత్యానికీ తెలుపు, విశ్వాసానికీ శౌర్యానికీ ఆకుపచ్చ అన్నారు.

1947లో రాజ్యాంగ సభలో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఇంకో రకంగా వివరించారు. కాషాయం అంటే తనకోసం ఏమీ ఆశించకపోవడం, నాయకులు ముందుగా నేర్చుకోవాల్సింది అదే అన్నారు. తెలుపు అంటే వెలుగు, నిజం నడిచే దారి. ఆకుపచ్చ అంటే నేలతో, మొక్కలతో మన బంధం. నాకు ఈ వివరణే ఎక్కువ ఇష్టం. ఋషికుల్య ఒడ్డున వరి పొలాలు చూసి పెరిగిన దాన్ని, ఆకుపచ్చ అంటే నేల అని చెబితే ఇంకో మాట అడగక్కర్లేదు నాకు.

చరఖా ఎందుకు తీసేశారు? గాంధీ గారు ఒప్పుకున్నారా?

గాంధీ గారికి మొదట నచ్చలేదు. చరఖా తీసేయడం ఆయనకు కష్టంగానే అనిపించింది. 1947 జూలై 22న రాజ్యాంగ సభలో జెండా తీర్మానం పెట్టిన నెహ్రూ గారు మాత్రం ఒక కారణం చెప్పారు. అది కుట్టుపని తెలిసిన వాళ్ళకు వెంటనే అర్థమవుతుంది. జెండాకు రెండు ముఖాలుంటాయి. ఒక వైపు ఎలా కనిపిస్తుందో రెండో వైపూ అలాగే కనిపించాలి. చరఖాకు ఒక పక్క చక్రం, ఇంకో పక్క కదురు ఉంటాయి. వెనక నుంచి చూస్తే అది తిరగబడిపోతుంది. ఒట్టి చక్రం అయితే ఎటు నుంచి చూసినా చక్రమే. చరఖాలోని చక్రాన్ని అలా నిలబెట్టి, అది అశోకుడి చక్రంగా ఉండాలన్నారు.

ఇది నాకు పుస్తకం కంటే ముందు పనిలోనే తెలిసింది. మొదటిసారి జెండా ఆర్డర్ వచ్చినప్పుడు చక్రం ఒకవైపే పెయింట్ చేసి ఇచ్చేశాను. గాలికి జెండా తిరిగినప్పుడు రెండో వైపు తెల్లగా, బోసిగా కనిపించింది. 'అత్తా, అటు పక్క చక్రం లేదేంటి?' అని మా ఆడపడుచు కూతురు అడిగింది. ఆ సాయంత్రమే జెండా దించి తెచ్చుకుని, రెండో వైపు కూడా వేసి, మర్నాడు పొద్దున్నే వాళ్ళకు ఇచ్చి వచ్చాను. అప్పటి నుంచి ముందు చక్రం రెండు వైపులా ఒకే చోట పడిందో లేదో దీపానికి అడ్డం పెట్టి చూసుకుని, ఆ తర్వాతే రంగుల బట్టలు కలుపుతాను.

ఇది కోణార్క్ చక్రమేనా? జగన్నాథుడి నీలచక్రం అని కూడా అంటున్నారు.

రెండూ కావు. కోణార్క్ మన గర్వమే, పది రూపాయల నోటు మీద కూడా ఉంది. కానీ ఆ గుడి పదమూడో శతాబ్దంలో నరసింహదేవుడు కట్టించింది. జెండా మీది చక్రం అంతకు ఎన్నో వందల ఏళ్ళ ముందుది. సారనాథ్‌లో అశోకుడి స్తంభం పైన నాలుగు సింహాలున్న శిఖరం ఉండేది కదా, ఆ సింహాల కాళ్ళ కింద గుండ్రటి పీఠం మీద చెక్కిన చక్రం అది. తీర్మానంలో ఆ సంగతి స్పష్టంగా రాశారు. కోణార్క్ రథానికి 24 చక్రాలు, మన చక్రానికి 24 ఆకులు ఉండటంతో రెండూ ఒకటేనని చాలామంది పొరబడతారు.

పూరీ గుడి మీది నీలచక్రం పూర్తిగా వేరు. దాని మీద ఎగిరే పతితపావన బానా అనే జెండాను చూసి దణ్ణం పెట్టుకునే అలవాటు మనకు ఉంది కాబట్టి, చక్రమూ జెండా కలిసి కనబడితే మనసు అటే పోతుంది. అలా అడిగిన ముసలమ్మలకు నేను గట్టిగా కాదని చెప్పను గానీ, సారనాథ్ బొమ్మ మాత్రం ఫోన్‌లో తీసి చూపిస్తాను.

24 ఆకులకు 24 గుణాలు అని వాట్సాప్‌లో వచ్చింది, నిజమేనా?

ప్రేమ, ధైర్యం, ఓర్పు అంటూ ఒక్కో ఆకుకు ఒక్కో పేరు రాసిన జాబితా చాలా చోట్ల తిరుగుతోంది. రాజ్యాంగ సభ తీర్మానంలో అలాంటి జాబితా లేదు. 24 గంటలని కొందరు చెబుతారు. దుఃఖం ఎలా పుడుతుందో బుద్ధుడు చెప్పిన పన్నెండు మెట్లు, అది ఎలా ఆగుతుందో చెప్పిన పన్నెండు మెట్లు కలిపి ఇరవై నాలుగని బౌద్ధులు వివరిస్తారు. రాధాకృష్ణన్ గారు సభలో చెప్పింది మాత్రం ఇంతే: ఇది ధర్మ చక్రం, చక్రమంటే కదలిక, ఆగిపోతే చావే. పిల్లలకు ఉపన్యాసం రాసిచ్చేటప్పుడు ఇది రాయండి, అది చాలు.

అశోకుడి చక్రం అంటున్నారు. కళింగ మీద అంత రక్తపాతం చేసిన రాజు గుర్తును మనం ఎందుకు మోయాలి?

ఈ ప్రశ్న ఒక కాలేజీ కుర్రాడు అడిగాడు. ఆ రోజు జవాబు చెప్పలేకపోయాను. తర్వాత తెలిసినవాళ్ళను అడిగి, చదివి, నేనే జౌగడ వెళ్ళి చూసి వచ్చాను. ఇప్పుడు చెప్పగలను.

జౌగడ మన గంజాం జిల్లాలోనే ఉంది, పురుషోత్తంపూర్ దగ్గర, ఋషికుల్య నది పక్కన. జౌ అంటే లక్క, పాండవుల లక్క ఇల్లు ఇదేనని అక్కడి వాళ్ళు అంటారు. ఆ రోజుల్లో ఆ పట్నం పేరు సమాపా. అక్కడ పెద్ద బండరాయి మీద అశోకుడి శాసనాలు చెక్కి ఉన్నాయి. అక్షరాలు మనం చదవలేం గానీ, చేత్తో గీసినట్టు వరసగా, చిన్నచిన్నగా ఉంటాయి. ఎండ పడని వైపు నిలబడితే బాగా కనిపిస్తాయి.

కళింగ యుద్ధం జరిగింది క్రీస్తుపూర్వం 261 ప్రాంతంలో. లక్షమంది చచ్చిపోయారని, లక్షన్నర మందిని పట్టుకుపోయారని, అంతకు ఎన్నో రెట్లు మంది తర్వాత నశించారని అశోకుడే రాయించాడు. అది చూసి తనకు ఎంత పశ్చాత్తాపం కలిగిందో కూడా రాయించాడు. అది పదమూడో శాసనం. కానీ అది జౌగడలో లేదు, భువనేశ్వర్ దగ్గర ధౌళిలో కూడా లేదు. దెబ్బ తిన్న నేల మీద ఆ దెబ్బ లెక్క చెక్కించలేదు. మరి ఎక్కడ ఉందో తెలుసా? మన తెలుగు నేల మీద, కర్నూలు వైపు ఎర్రగుడి రాతి మీద ఉంది. ఒడిశాలో ఉన్న తెలుగువాళ్ళకు ఈ సంగతి తెలియాలని నాకు చాలా కోరిక. గాయం ఇక్కడ, ఆ గాయం చేసినవాడి ఒప్పుకోలు మన అక్కడి వాళ్ళ దగ్గర.

జౌగడలో, ధౌళిలో ఆ శాసనానికి బదులు వేరే రెండు శాసనాలు చెక్కించాడు. అవి అధికారులకు చెప్పిన మాటలు. మనుషులందరూ నా బిడ్డలే, నా బిడ్డలు ఈ లోకంలోనూ పై లోకంలోనూ సుఖంగా ఉండాలని ఎలా కోరుకుంటానో అందరి విషయంలోనూ అలాగే కోరుకుంటాను అంటాడు. కారణం లేకుండా ఎవరినీ జైల్లో పెట్టకండి, హింసించకండి అంటాడు. ఇంకో మాట నన్ను అక్కడే నిలబెట్టేసింది. సరిహద్దు అవతల ఉన్న, తాను జయించని జనం 'ఈ రాజు మనల్ని ఏం చేస్తాడో' అని భయపడుతుంటారు, నా వల్ల వాళ్ళకు భయం ఉండకూడదు, నా నుంచి వాళ్ళకు సుఖమే రావాలి గానీ దుఃఖం రాకూడదు, ఆ నమ్మకం వాళ్ళకు కలిగించండి అని తన అధికారులకు చెబుతాడు.

మేం సరిహద్దు జనమే. అటు ఇచ్ఛాపురం వెళ్తే ఆంధ్ర, ఇటు దిగితే ఒడిశా. రేషన్ కార్డు దగ్గర ఒక భాష, పెళ్ళి పత్రిక దగ్గర ఇంకో భాష. అందుకే ఆ మాట నాకు అంత బలంగా తగిలింది. కుర్రాడు అడిగిన దానికి నా జవాబు ఇది: జెండా మీదికి వచ్చింది యుద్ధం గెలిచిన అశోకుడి గుర్తు కాదు, గెలిచాక సిగ్గుపడినవాడి గుర్తు. ఆ సిగ్గు ఇక్కడ, కళింగ నేల మీద పుట్టింది. కాబట్టి ఆ చక్రం మీద మనకు ఇంకాస్త ఎక్కువ హక్కు ఉంది.

సరైన కొలత ఎంత? మా డాబా మీదికి పెద్దది కావాలి.

వెడల్పుకు పొడవు రెండుకు మూడు. అంటే రెండడుగులు ఎత్తైతే మూడడుగులు పొడవు. ఈ లెక్క తప్పితే జెండా కాదు, రంగు గుడ్డ అవుతుంది. ప్రభుత్వం ఖాయం చేసిన సైజులు తొమ్మిది ఉన్నాయి. అన్నిటికంటే పెద్దది 6300 మిల్లీమీటర్ల పొడవు, 4200 ఎత్తు. అన్నిటికంటే చిన్నది బల్ల మీద పెట్టుకునేది, 150కి 100. కార్లకు 225కి 150. ఇళ్ళకు ఎక్కువమంది తీసుకెళ్ళేది 900కి 600, పెద్ద డాబాకు 1350కి 900. స్తంభం చిన్నదైతే పెద్ద జెండా కట్టకండి, గాలికి స్తంభం వంగుతుంది, జెండా అంచులు త్వరగా పోతాయి.

మూడు పట్టీలూ సమానం. 900కి 600 జెండాలో ఒక్కో పట్టీ 200 మిల్లీమీటర్లు, కుట్టుకు పోయే మడత వేరే కలుపుకోవాలి. చక్రం వ్యాసం 185. అంటే తెల్ల పట్టీ అంచుకూ చక్రానికీ మధ్య సన్నటి చోటు మిగలాలి. చాలా జెండాల్లో చక్రం మరీ చిన్నగా, బొత్తాంలా ఉంటుంది. అది చూస్తే నా చెయ్యి ఊరుకోదు.

బడిలో పిల్లలు చక్రం గీయాలి, ఎలా?

కంపాస్‌తో వృత్తం గీయండి. ఆ కంపాస్‌ను అలాగే, కాళ్ళు కదపకుండా, వృత్తం మీద అడుగులు వేయించండి. సరిగ్గా ఆరు చుక్కలు పడతాయి. ప్రతి రెండు చుక్కల మధ్య దూరాన్ని సగం చేస్తే పన్నెండు, మళ్ళీ సగం చేస్తే ఇరవై నాలుగు. ఆకు ఆకుకీ మధ్య 15 డిగ్రీలు వస్తుంది. ముందు నిలువు ఆకు, అడ్డం ఆకు గీసి, తర్వాత మిగతావి గీయమనండి. ఒక వైపు నుంచి వరసగా గీసుకుంటూ పోతే చివర్లో ఇరుకైపోయి ఇరవై రెండో ఇరవై మూడో అవుతాయి. రంగు ముదురు నీలం, నల్లగా కనిపించకూడదు.

ఏ బట్టైనా పరవాలేదా? కాషాయం బదులు ఆరెంజ్ ఉంది కదా?

మునుపు చేత్తో వడికి, చేత్తో నేసిన బట్ట మాత్రమే ఉండాలనేవారు. 2021 డిసెంబర్‌లో నిబంధన మార్చారు. ఇప్పుడు నూలు, పాలిస్టర్, ఉన్ని, పట్టు, ఖాదీ ఏదైనా, చేత్తో చేసినా మిషన్ మీద చేసినా కుదురుతుంది. పాలిస్టర్ వానకు త్వరగా ఆరుతుంది, రంగు నిలుస్తుంది. నా మనసు మాత్రం ఖాదీ మీదే. ఆ బట్ట గాలికి ఊగే తీరులోనే బరువు ఉంటుంది.

మా జెండాలకు ఐ.ఎస్.ఐ. ముద్ర ఉండదు. సర్కారు ఆఫీసులకు ముద్ర ఉన్నదే కొనాలి, వాళ్ళకు హుబ్బళ్ళి పక్కన బెంగేరిలో తయారయ్యే ఖాదీ జెండాలు తెప్పించుకోమని చెబుతాను. ఇక ఆరెంజ్ సంగతి: కాషాయం అంటే ముదురు కుంకుమపువ్వు రంగు. నారింజ తొక్క రంగు కాదు. కొనేటప్పుడు పగటి వెలుతురులో చూడండి, ట్యూబ్‌లైటు కింద అన్నీ ఒకటే అనిపిస్తాయి.

బరంపురం పట్టుతో కుట్టిస్తే బాగుంటుంది కదా, అంచుకు కుంభం కూడా పెట్టి?

పట్టుతో కుట్టవచ్చు. రాజ్యాంగ సభలో నెహ్రూ గారు రెండు జెండాలు చూపించారు, ఒకటి నూలు ఖాదీ, ఒకటి పట్టు ఖాదీ. అంచు, జరీ, కుంభం మాత్రం వద్దు. మన పట్టు అంచు మీద గుడి మెట్ల లాంటి ఆ కుంభం అంటే నాకు ప్రాణం, మా నాన్న చేతిలో అది ఎలా పుట్టేదో చూశాను. కానీ జెండా మీద మూడు రంగులు, చక్రం తప్ప ఇంకేమీ ఉండకూడదు. పేర్లు, క్లబ్బు గుర్తులు, 'జై హింద్' కూడా రాయకూడదు.

తాడు లాగితే జెండా తిరగబడి ఎగిరింది. ఏం చెయ్యాలి?

కంగారు పడకండి. మెల్లగా దించి, తిరిగి కట్టి ఎగరేయండి. తెలియక జరిగిన తప్పుకూ కావాలని చేసిన అవమానానికీ తేడా ఉంది. కావాలని కాషాయం కిందికి పెట్టి ఎగరేస్తే 1971 నాటి చట్టం ప్రకారం మూడేళ్ళ దాకా జైలు లేదా జరిమానా లేదా రెండూ ఉంటాయి. మూడేళ్ళ క్రితం ఒక బడిలో ఇలాగే జరిగింది, తాడు కట్టిన ప్యూన్ గారు భోజనం కూడా మానేసి కూర్చున్నారు. ఆయన్ని చూసి వచ్చాకే నేను ప్రతి జెండాకూ కాషాయం వైపు తాడుకు ముడి ఉంచి, ఆకుపచ్చ వైపు ముడి లేకుండా ఇస్తున్నాను. చీకట్లో తడిమినా ఏది పైనో తెలుస్తుంది. పూలు పెట్టి మడిచేటప్పుడు జారుముడి వేయండి, రెండు ముళ్ళు వేస్తే ఎంత లాగినా విప్పుకోదు. ముందు రోజు సాయంత్రం ఒకసారి ఎగరేసి చూసుకోండి. గిలకకు కొబ్బరినూనె రెండు చుక్కలు వేయండి.

ఎగరేసేటప్పుడు చురుగ్గా, దించేటప్పుడు నిదానంగా లాగాలి. ఆగస్టు 15న కింద నుంచి పైకి లాగి ఎగరేయడం, జనవరి 26న పైనే కట్టి ఉంచి విప్పడం ఆనవాయితీ.

ఇంటి మీద రాత్రి కూడా ఉంచవచ్చా?

ఉంచవచ్చు. 2002 జనవరి 26 నుంచి జెండా నియమావళి మామూలు జనానికి కూడా ఏడాది పొడుగునా ఎగరేసే వీలిచ్చింది. గౌరవంగా ఎగరేయడం పౌరుల ప్రాథమిక హక్కని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది. 2022 జూలై నుంచి రాత్రి కూడా ఉంచవచ్చు. ఆగస్టులో మన ఊళ్ళో వాన ఎలా కొడుతుందో తెలుసుగా, అంచు చిరగడం మొదలైతే అదే రోజు దించేయండి. చిరిగిన జెండా ఎగరకూడదు.

టీషర్టు, మాస్కు, బైకు, కేకు?

నడుము కింద వేసుకునే వాటిలో జెండా ఉండకూడదు, వేసుకునే బట్టల మీద, లోదుస్తుల మీద, దిండు గలీబుల మీద, చేతిరుమాళ్ళ మీద దాన్ని అచ్చు వేయకూడదు, కుట్టకూడదు. బండి మీద కప్పకూడదు. కార్ల ముందు కట్టుకునే హక్కు రాష్ట్రపతి, గవర్నర్, మంత్రుల లాంటి వాళ్ళకే. కేకు సంగతి నియమావళిలో ఏముందో వెతకక్కర్లేదు, చక్రాన్ని చాకుతో కొయ్యాలని నాకైతే అనిపించదు.

గోడ మీద నిలువుగా పెడితే కాషాయం ఎటు?

చూసేవారికి ఎడమ వైపు. పక్కన ఇంకో జెండా ఉంటే అది దీనికంటే ఎత్తులో ఉండకూడదు.

పాతబడిన జెండాను ఏం చెయ్యాలి?

చెత్తలో వేయకండి, తుడుచుకునే గుడ్డగా అసలే వాడకండి. ఎవరూ లేని చోట, మొత్తంగా, గౌరవంగా, వీలైతే కాల్చేసి, పోగొట్టాలన్నది నియమావళి మాట. బాగున్న జెండా దాచుకోవాలంటే కాషాయాన్ని, ఆకుపచ్చను తెలుపు కిందికి మడిచి, తర్వాత రెండు పక్కలా మడిస్తూ వస్తే చక్రం పైకి కనిపిస్తుంది. అలా అరచేతుల మీద పెట్టుకుని తీసుకెళ్ళి బీరువాలో పెట్టండి.

ఆగస్టు 15 మధ్యాహ్నానికల్లా రోడ్ల మీద, కాలవ పక్కన కాగితం జెండాలు పడి ఉంటాయి. చూస్తే ఏరుకోండి, పిల్లల చేత కూడా ఏరించండి. మీ ఇంట్లో కాల్చే వీలు లేకపోతే మా కొట్టుకు తెచ్చివ్వండి. తలుపు పక్కన ఒక రేకు డబ్బా పెట్టాను. కాగితానివైనా, చిరిగినవైనా, తడిసి బురద అంటినవైనా తీసుకుంటాను. 16వ తేదీ పొద్దున్న ఏడుకల్లా కొట్టు తీసి ఉంటుంది.